ఎదురింటి ఖాళీ పళ్లెం

మా తలుపుకూ ఎదురింటి తలుపుకూ నడుమ ఉన్న జాగా ఒక చాప పరిస్తే నిండిపోతుంది. చిమిండైంగ్ బజారు వెనక, నది గాలి తగిలే వీధిలో పాత మేడ మాది. మూడో అంతస్తులో రెండే వాటాలు. ఒకదాంట్లో మేముంటాం. మా తాత రేవులో మూటలు మొయ్యడానికి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. నేను లైంగ్‌థార్యార్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషన్లు బాగుచేస్తాను. ఎదురువాటాలో ఒక చీనా దంపతులు ఉండేవారు. ఆయన బజారు మూల ఏళ్ల తరబడి నూడుల్స్ అమ్మి, మోకాళ్లు పట్టేశాక బండి ఎవరికో అప్పజెప్పి ఇంటిపట్టున కూర్చున్నాడు. ఆయన్ని అంకుల్ అనీ ఆవిడని ఆంటీ అనీ పిలిచేవాళ్లం. కొడుకు, కోడలు మాండలేలో ఉంటారు.

మా మధ్య నడిచేది బర్మీస్. అయినా ఆంటీ మాటలు గుర్తుకొచ్చినప్పుడు అవి నాకు మా ఇంటి తెలుగులోనే వినబడతాయి. అలాగే రాస్తున్నాను. ఆవిడకు కొంత తెలుగు నిజంగానే వచ్చు. మా ఆవిడ నేర్పింది. మధ్యాహ్నాలు ఇద్దరూ గుమ్మాల్లో పీటలు వేసుకుని కూర్చుని, ఒకరు చిక్కుళ్లు ఈనెలు తీస్తుంటే ఇంకొకరు వెల్లుల్లి ఒలుస్తూ ఉండేవారు. నేను డ్యూటీ దిగి మెట్లెక్కుతుంటే ఆంటీ మా భాషలోనే పలకరించేది.

"తిన్నావేటి?"

వాళ్లలోనూ మనిషి ఎదురుపడితే మొదట అడిగేది అదేనట. అందుకే ఆ మాట ఆవిడకి అన్నిటికంటే ముందు వచ్చింది.

ఆ ఇద్దరి కబుర్లలో సగం, చెయ్యకూడని పనుల గురించే ఉండేవి. దీపం పెట్టాక ఊడవకూడదని మా ఆవిడ చెబితే, మాకు కొత్తేడు మొదటి రోజంతా చీపురు ముట్టకూడదని ఆంటీ అనేది. ముందు రోజే ఇల్లంతా దులిపి, చీపురు తలుపు వెనక దాచేసేది. ఊడిస్తే ఏడాదికి వచ్చే కలిమి గుమ్మం దాటి పోతుందట. ఆ రోజు తల రుద్దుకోకూడదు. కత్తెర, సూది బయటికి తియ్యకూడదు. నా బతుకంతా సూదుల మధ్యే గనక ఆ నియమం నాకు బాగా నచ్చింది. గిన్నె పగిలితే తిట్టకూడదు, ముక్కలు ఎర్ర కాయితంలో చుట్టి ఒక మంచి మాట అనాలి. చావు మాట అసలు ఎత్తకూడదు. మా ఆవిడ వింటూ వింటూ, "మంగళారం శుక్రారం మాకు వారానికి రెండు మార్లు వస్తాయి, మీకు ఏడాదికో మారు. మీరే అదృష్టవంతులు" అనేది.

కొత్తేడు ఇంకో వారం ఉందనగా వాళ్లు పొయ్యి దగ్గరుండే దేవుణ్ణి సాగనంపుతారు. ఆయన పైకి వెళ్లి ఆ ఇంట్లో ఏడాది పాటు జరిగిందంతా పై దేవుడికి చెబుతాడు. అందుకని పంపేముందు ఆయన పటానికి, పెదాల మీద తీపి పూస్తారు. మంచి మాటే చెబుతాడని కొందరు, నోరు అతుక్కుని ఏమీ చెప్పలేడని కొందరు. అంకుల్ నవ్వుతూ, "దేవుడి నోరే మూసేసే మనిషి, నా నోరు ఒక లెక్కా" అనేవాడు. ఆంటీ వినబడనట్టు ఉండేది.

తర్వాత వచ్చేది అసలు తీపి. బంకబియ్యం నానబెట్టి రుబ్బి, పిండి గుడ్డలో మూటగట్టి, రాయి కింద పెట్టి నీళ్లు ఓడ్చి, తాటిబెల్లం పాకంతో కలిపి, అరటాకు పరిచిన డబ్బాలో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ముదురు గోధుమరంగు దిమ్మ అవుతుంది. పైన ఎర్ర కాయితం ముక్క. మా పిల్ల చిన్నప్పుడు దాన్ని చీనోళ్ల హల్వా అంది, మా ఇంట్లో ఆ పేరే నిలిచిపోయింది. ఒక నీలి అంచు పళ్లెంలో పెట్టి ఏటా మాకు ఇచ్చేవారు. ఆ పళ్లెం దీపావళికి మా అరిసెలతో వాళ్లింటికి వెళ్లేది. ఎవరిదో మరిచిపోయేంతగా తిరిగింది. ఖాళీగా మాత్రం ఎప్పుడూ తిరగలేదు. ఆ విషయంలో మా నియమం, వాళ్ల నియమం ఒకటే.

దిమ్మ ఉడుకుతున్నంతసేపు ఆ వంటింట్లో పద్ధతులు గట్టిగా ఉండేవి. గొడవ పడకూడదు. చెడ్డ మాట అనకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఉడికిందా అని అడగకూడదు. అడిగితే లోపల పచ్చిగానే ఉండిపోతుంది. మా ఆవిడ ఒకసారి మరిచిపోయి అడగబోతే ఆంటీ చేత్తో ఆవిడ నోరు మూసేసిందట. పైగా, ఆ ఏడాది చావు జరిగిన ఇంటి మనుషులు ఆ పొయ్యి ఛాయలకు రాకూడదు. అసలు చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు పొయ్యి మీద దిమ్మ పెట్టనే పెట్టకూడదు. కొనుక్కుని తెచ్చుకోకూడదు కూడా. ఎవరైనా ఇస్తేనే పోయినవాళ్ల ముందు పెట్టాలి. ఇచ్చినవాళ్ల పళ్లెంలో గుప్పెడు చక్కెర పోసి తిరిగి పంపాలి. ఇదంతా నాకు తెలుసు. తెలుసు అన్న సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తెలియనట్టు నటించింది నేనే.

మా ఆవిడ ఒక వానాకాలం చివర్లో పోయింది. దీపావళికి ఇంకా మైల ఆరలేదు. ఏడాది పొడుగునా పండగల్లేని ఇల్లు మాది. బాణలి పెట్టకూడదు, అరిసె వండకూడదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆంటీ కోడలు పురిటికి వచ్చి ఉంది. మనవడికి నెల నిండబోతోంది. ఎర్ర రంగు వేసిన గుడ్లు పంచే వేడుక. అలాంటి ఇంటివాళ్లు చావు జరిగిన ఇంట్లో కాలు పెట్టకూడదు, పెడితే పసివాడికి మంచిది కాదని వాళ్ల నమ్మకం. మా నమ్మకం కూడా. అందుకని ఆవిడ రాదనే అనుకున్నాను. రాకపోయినా తప్పు పట్టేవాణ్ణి కాదు.

దీపావళి ఉదయం ఎవరో చెక్క మీద తడుతున్న చప్పుడు. మా తలుపు కాదు. తలుపు తీసి చూస్తే, ఆ చాపెడు జాగాకి సరిగ్గా నడిమధ్యలో మా ఆవిడ కూర్చునే పీట ఉంది. దాని మీద నీలి అంచు పళ్లెం. పళ్లెంలో దిమ్మ. వాళ్ల కొత్తేడు రావడానికి ఇంకా నెలలున్నా, మా పండక్కి వండింది. ఆంటీ తన గుమ్మం లోపల నిలబడి తన తలుపు చెక్కనే తడుతోంది. ఆవిడ కాలు మా గడప తొక్కలేదు. నా కాలు వాళ్ల గడప దాకా రానక్కర్లేదు.

"మీ పొయ్యి మీద ఈ ఏడు తీపి లేదు కదా. ఆవిడ ముందు ఇది పెట్టు" అంది. "పళ్లెం ఇచ్చేటప్పుడు గుప్పెడు చక్కెర పొయ్యి. మర్చిపోకు."

మా ఆవిడ ఫొటో ముందు పెట్టాను. సాయంత్రం చక్కెర పోసి పళ్లెం పీట మీద ఉంచి, నా తలుపు నేను తట్టాను. ఆ రోజు నాకు కలిగిన ఊరట ఇంత అని చెప్పలేను. నియమాలు మనిషిని దూరం పెట్టడానికే ఉంటాయనుకునేవాణ్ణి. వాటిని ఒక్కటి కూడా తప్పకుండా ఆవిడ నా దాకా వచ్చింది.

మా ఏడాది గడిచింది. పిల్లకు సంబంధం కుదిరింది. పబేడాన్‌లో బట్టల కొట్టు ఉన్న తెలుగువాళ్లు, కోస్తా నుంచి వచ్చి తరాలుగా వ్యాపారం చేస్తున్న కుటుంబం. కుర్రాడు మంచివాడు. వాళ్ల తల్లికి మాత్రం పట్టింపులు ఎక్కువ. మా మూటలు మోసిన వంశానికి వాళ్లతో వియ్యం అంటే నాకు లోపల ఒక జంకు, ఒక గర్వం రెండూ ఉండేవి. మాఘంలో ముహూర్తం పెట్టారు. మా మాఘం, ఆంటీ వాళ్ల కొత్తేడు చాలా ఏళ్లు ఒకే అమావాస్య వెనక మొదలవుతాయి. ఆ ఏడు కూడా అంతే.

ఆ మధ్యలో అంకుల్ పోయాడు. శరత్కాలపు పున్నమికి వాళ్లు చేసుకునే పండగలో నాకు కేకు ముక్క తన చేత్తో తినిపించాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే పొద్దున్న టీ తాగుతూ కుర్చీలో ఒరిగిపోయాడు. మా ఇరుకు మెట్ల మీంచి పెట్టె దించడానికి నేనూ ఒక మూల పట్టుకున్నాను. అది మాత్రం చేశాను.

కొత్తేడు ఇంకా పది పన్నెండు రోజులుందనగా, డ్యూటీ నుంచి వస్తుంటే మెట్ల మీద ఆంటీ ఎదురైంది. చేతిలో ఆకుకూర కట్ట. ఆయాసం తీర్చుకోడానికి రెయిలింగు పట్టుకుని ఆగింది. తిన్నావేటి అని అడగలేదు. "ఈ ఏడు మా పొయ్యి మీద కుండ పెట్టటం లేదు" అంది.

అంతే అంది. ఎవరినీ ఏదీ అడగని మనిషి. మాండలే దారి బాగా లేదు, కొడుకు రాలేనన్నాడని నాకు తెలుసు. ఆవిడ దగ్గరి చుట్టాలు ఎవరూ ఊళ్లో మిగల్లేదని తెలుసు. ఆ మాట నాకు తప్ప ఇంకెవరికీ చెప్పి ఉండదని కూడా తెలుసు. మొదటి కొత్తేటికి అంకుల్ ముందు దిమ్మ ఉండాలి, అది ఎవరో ఇవ్వాలి, ఆ ఎవరో నేను. ఆవిడ నాకు ఒక్క వాక్యంలో ఇదంతా చెప్పింది.

నేనన్నాను: "మంచిది ఆంటీ. ఈ ఏడు కాస్త రెస్టు తీసుకో."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తలూపి, మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆకుకూర కట్ట అందుకుంటానన్నాను. బరువు లేదులే అంది.

అప్పుడు అలా ఎందుకన్నానని చాలాసార్లు తవ్వుకున్నాను. ఇవ్వకూడదని అనుకోలేదు. ఒక రోజు బస్సెక్కి చీనా వీధికి వెళ్లి దిమ్మ కొని తెచ్చి చడీచప్పుడు లేకుండా ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఒప్పుకుంటే అది మాట ఇచ్చినట్టు అవుతుంది. మాట ఇస్తే, పెళ్లి ముందు చావింటికి తీపి పంపుతున్నానని పెళ్లివారికి తెలుస్తుందేమోనని భయం. అందుకే సందు ఉంచుకున్నాను. నా మంచితనం ఎప్పుడూ అలా సందు ఉంచుకునే రకం.

రెండు మూడు రోజులకు కుర్రాడి తల్లి, పిన్ని ఇల్లు చూడ్డానికి వచ్చారు. కరెంటు వంతుల వారీగా వస్తున్న రోజులు. మధ్యాహ్నం మా మేడంతా తలుపులు బార్లా తెరిచి ఉంది. ఆంటీ తలుపు కూడా తెరిచే ఉంది, పూసల తెర మాత్రం వేలాడుతోంది. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ కుర్రాడి తల్లి ఆ గుమ్మం కేసి చూసింది. వ్యాపారంలో ఉన్న కళ్లు, ఏదీ తప్పిపోదు.

"చీనోల్లు పండక్కి గుమ్మానికి ఎర్ర కాయితాలు అంటిస్తారు కదా. ఈల్లకి నేవేటండీ?"

చావు జరిగిన ఇల్లు అని చెప్పాను. పెద్దాయన పోయాడన్నాను. ఆవిడ మా పిల్ల కట్టుకోబోయే చీర గురించి మాట్లాడుతున్నంత మామూలుగా అడిగింది.

"అయ్యో. మీకు రాకపోకలున్నాయేటి?"

"అబ్బే. మాకూ వాల్లకీ రాకపోకల్లేవండి."

గడప మీద నిలబడి, తెలుగులో, మామూలు గొంతుతోనే అన్నాను. లోపల పూసల తెర వెనక విసనకర్ర చప్పుడు వస్తూ ఉంది. ఆ మాట తర్వాత ఆగింది. ఆగిందని నాకు అనిపించింది. చెయ్యి నొప్పి పుట్టి ఆపి ఉండొచ్చు. నిద్ర పట్టి ఉండొచ్చు. ఆవిడకు తెలుగు ఎంత తెలుసో నాకు తెలుసు. తిన్నావేటి మొదటి మాటే గాని, ఒక్క మాట కాదు. మా ఆవిడ ఆ గుమ్మంలో ఏళ్ల తరబడి నేర్పింది.

ఆ తర్వాత చీనా వీధికి వెళ్లే బస్సు ఎక్కలేకపోయాను. ఎక్కితే ఏ మొహంతో ఇవ్వాలి? వింది అనుకుంటే సిగ్గు. వినలేదు అనుకుంటే, ఇచ్చాక పెళ్లివారి చెవిన పడితే నేను అబద్ధాలవాణ్ణి. రెండు వైపులా నా పరువే. మధ్యలో అంకుల్ లేడు, ఆంటీ లేదు.

కొత్తేటి ముందు రోజు ఫ్యాక్టరీలో సగం పూటే పని. చీనా మేనేజర్లు సెలవు మీద వెళ్లిపోయారు, మిషన్ల మీద గుడ్డలు కప్పేశాం. మధ్యాహ్నానికే ఇంటికొచ్చాను. పూసల తెర పక్కకి తీసి ఉంది. గదిలో ఎదురుగా అంకుల్ ఫొటో, అగరొత్తులు, ఉడికించిన కోడి, నారింజలు, చిన్న కప్పుల్లో టీ. వాటి నడుమ నీలి అంచు పళ్లెం. అందులో ఏమీ లేదు. తుడిచి, మెరుస్తూ, ఖాళీగా ఉంది. ఆంటీ నా వైపు వీపు పెట్టి కూర్చుని పోయినవాళ్ల కోసం కాల్చే బంగారు కాయితాలు మడుస్తోంది. వెనక్కి తిరగలేదు.

నేను చెప్పులు చేత్తో పట్టుకుని మా వాటాలోకి వచ్చాను.

మా పిల్ల కూడా చూసింది కాబోలు. సాయంత్రం మెల్లగా అడిగింది. దాని తెలుగు సగమే, మిగతా సగం బర్మీస్, ఇంగ్లిషు. "నాన్నా, ఆంటీ ప్లేటు ఎంటీగా ఉంది. మనం ఇవ్వాలా, ఏటి?"

"పెల్లోరి ఇల్లు మనది. సావు జరిగిన ఇంటికి ఎల్లకూడదు" అన్నాను.

అది కూడా అబద్ధమే. పసుపు కొట్టాక వెళ్లకూడదన్నది నిజం. పుష్యం దాటకుండా ఎవరూ పసుపు కొట్టరు. ఆ రోజు మా ఇంట్లో రోలు కడగనైనా లేదు. నన్ను ఆపే నియమం మా వైపు నుంచి ఒక్కటీ లేదు, వాళ్ల వైపు నుంచి ఒక్కటీ లేదు. ఉన్నా, పీట ఉంది. పీట ఎలా వేస్తారో ఆవిడే నాకు చూపించింది. మా పిల్ల ఆ పీట సంగతి మరిచిపోలేదని దాని మొహం చూస్తే తెలిసింది. పెద్దవాణ్ణి గనక ఎదురు చెప్పలేదు.

పెళ్లి బాగా జరిగింది. ఆంటీ రాలేదు, వాళ్ల నియమం ప్రకారం రాకూడదు. మా పిల్ల పెళ్లికూతురి ముస్తాబుతో మెట్లు దిగుతుంటే పూసల తెర వెనక నిలబడి, తెర తియ్యకుండా, చెయ్యి పైకెత్తి ఊపింది. పిల్ల చెయ్యి కూడా పైకి లేచింది. నేను మెట్లు చూసుకుంటూ దిగాను.

పున్నమితో వాళ్ల కొత్తేటి వేడుకలు ముగిశాయి. నాకు నిద్ర సరిగా పట్టేది కాదు. ఆ పళ్లెం ఇంకా అంకుల్ ముందే ఉందని తెలుస్తూనే ఉంది. కోడి, నారింజలు ఎప్పుడో తీసేసింది. పళ్లెం తియ్యలేదు. పనికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి కనబడేది.

పిల్ల అత్తారింటి నుంచి మొదటిసారి వచ్చినప్పుడు, అల్లుడు స్నేహితుల్ని కలవడానికి బయటికి వెళ్లిన ఒక ఆదివారం, దాంతో చెప్పాను. పెళ్లివారితో నేనన్న మాటా చెప్పాను, మెట్ల మీద అన్న మాటా చెప్పాను. అది గాజులు తిప్పుకుంటూ వింది. తిట్టినా బాగుండేది. "అమ్మ ఉంటే అలా అయ్యేది కాదు" అంది. లేచి, "బంకబియ్యం పిండి ఉందా?" అంది.

పండగ దాటాక చీనా వీధిలో ఆ దిమ్మ దొరకదు. వండాలి. పిల్లకు తల్లి పక్కన నిలబడి చూసిన జ్ఞాపకం ఉంది. పిండి బజారు నుంచి తెచ్చాను. పాకం నేను ముదర పెట్టాను, అది నీళ్లు కొట్టి సరిచేసింది. అరటాకు నాకు చినిగిపోయింది. కరెంటు లేదు, బొగ్గుల కుంపటి రాజేశాం. ఆవిరి మొదలయ్యాక ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఉడికిందా అని అడగకూడదు. అది అడగలేదు. నేనూ అడగలేదు. నా తప్పు గురించి అది ఇంకేమీ అనలేదు, పొయ్యి దగ్గర చెడ్డ మాట అనకూడదు కనక. ఆ మధ్యాహ్నం ఆ కుంపటి ముందు కూర్చున్నంత సిగ్గుగా నేను నా బతుకులో ఎక్కడా కూర్చోలేదు.

దిమ్మ ఒక పక్కకి వాలింది. రంగు ఉండాల్సిన దానికంటే లేత. ఎర్ర కాయితం కత్తిరించి పిల్ల పైన పెట్టింది. పీట వేద్దామా అని అడిగింది. వద్దన్నాను. కొత్తగా పెళ్లయినదానివి, నువ్వు లోపలే ఉండమని చెప్పి, నేనొక్కణ్ణే మా స్టీలు పళ్లెంతో ఆ చాపెడు జాగా దాటి పూసల తెర ముందు నిలబడ్డాను.

ఆంటీ తెర తీసింది. దిమ్మని చూసింది. రెండు చేతులతో అందుకుని, లోపలికి తీసుకెళ్లి, నీలి అంచు పళ్లెంలోకి జాగ్రత్తగా జార్చింది. వాలిన వైపు గోడకేసి తిప్పింది. అగరొత్తి వెలిగించి, వాళ్ల భాషలో అంకుల్‌తో ఏదో చెప్పింది. చెబుతూ ఒకసారి నన్ను చూపించింది. నేను గడప లోపల చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"పండగ అయిపోయింది కదా ఆంటీ" అన్నాను.

"ఆయనకి ముందే చెప్పాన్లే, ఆలస్యం అవుద్దని" అంది. "ఎదురింట్లో పెల్లి, తీరిక నేదు, పెల్లవగానే తెత్తాడు అని చెప్పాను."

అక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాను.

"మెట్ల మీద నువ్వన్న మాట నాకు ఆ రోజే అర్థమైంది ఆంటీ. అప్పటికి మాకు పెళ్లి పనులేం మొదలవలేదు."

ఆవిడ చక్కెర డబ్బా మూత తిప్పుతోంది. చెయ్యి ఆగలేదు.

"తెలుసు" అంది. "ఆయనకి మాత్రం పెల్లి అనే చెప్పాను. ముసలోడికి నువ్వంటే ఇష్టం కదా."

మా స్టీలు పళ్లెంలో గుప్పెడు చక్కెర పోసింది. కొంచెం చూసి ఇంకో గుప్పెడు పోసింది, అది పిల్లకట. ఇంకో మాట కూడా చెప్పాలని నోటి దాకా వచ్చింది. రాకపోకల్లేవని నేనన్న మాట. తెర వెనక నువ్వు విన్నావా అని అడగాలి. అడగలేకపోయాను. ఆవిడ తెలుసు అన్నది దేనికో, ఎంతవరకో నాకు ఇప్పటికీ తెలియదు. మెట్ల మీద మాటకు ఒప్పుకున్నాను గాని, గడప మీద మాటకు ఒప్పుకోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ తెలుగు వినగలదు, చదవలేదు. అది తెలిసే రాస్తున్నానన్నది కూడా నా పిరికితనం లెక్కలోకే వస్తుంది.

ఈ ఏడు వాళ్ల గుమ్మానికి ఎర్ర కాయితాలు వచ్చాయి. కుర్చీ ఎక్కలేక ఆంటీ అంటించమని నన్నే పిలిచింది. వంకరగా ఉందని రెండుసార్లు తీయించి మళ్లీ అంటింపజేసింది. ముందు రోజు వాళ్ల కిటికీ నుంచి తాటిబెల్లం వాసన మెట్ల దాకా వచ్చింది. సాయంత్రం నీలి అంచు పళ్లెం మా ఇంటికి వచ్చింది, దిమ్మతో, నిటారుగా, ముదురు రంగులో. నేను ఒక్కణ్ణే ఉంటున్నాను గనక చిన్నది చేసిందట.

మొదటి రోజు ఉదయం పనికి సెలవు. తలుపు తీస్తే ఆంటీ తన గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని ఉంది. చీపురు తలుపు వెనక ఉండి ఉంటుంది. కొత్త జాకెట్టు వేసుకుంది. నన్ను చూసి, ఎప్పటిలా, మా భాషలో అడిగింది.

"తిన్నావేటి?"

ఆవిడ తెలుగు మాట విన్న ప్రతిసారీ నాకు ఆ విసనకర్ర ఆగడం గుర్తొస్తుంది. ఇక మీదట కూడా వస్తుంది.

"తిన్నాను ఆంటీ. నీ దిమ్మే తిన్నాను" అన్నాను. కూర్చోమని రెండో పీట జరిపింది. కూర్చున్నాను.